ఆవేశం సరిపోలేదు

హాలియాలో దేవరకొండ రోడ్డు మీద
జానీమియా బ్యాటరీల దుకాణం.
పొద్దున కాలేజీ, పొద్దుమూకితే అక్కడ పని.
నా అంగీ నిండా సన్న సన్న చిల్లులు,
యాసిడ్ తిన్న చోటల్లా
అమ్మ వేసిన నల్లదారం కుట్లు.

ఇంటర్ రెండో ఏడు. కెమిస్ట్రీకి పర్వతాలు సార్.
మొత్తం నాలుగు బ్యూరెట్లు, అందులో ఒకటి కారేది.
పర్మాంగనేట్ చుక్క, వంకాయ రంగుది,
ఫ్లాస్కులో పడీ పడకముందే మాయం.
"ఏడికి పోయిందిరా?"
వెనక బెంచీ ఈదయ్య, "తాగేసింది సార్."
సార్ నవ్వలేదు.
"దూప దానిదే. తాగింది అదే" అని
బోర్డును నిలువునా రెండు చేసిండు.

ఈ సగంలో ఇనుము.
రెండు నుంచి మూడుకు ఎక్కాలంటే
ఒక ఎలక్ట్రాన్ విడవాలె.
ఆ సగంలో మాంగనీసు.
ఏడు నుంచి రెండుకు దిగాలంటే
ఐదు కావాలె.
ఒక్కదాని దూప తీరనీకి
ఐదు ఇనుములు తలా ఒకటి పోసుడు.
విడిచిన నాలుగు ఆక్సిజన్లు నీళ్ళు కావాలె,
ఆ నీళ్ళకు ఎనిమిది హైడ్రోజన్లు
యాసిడ్‌లకెల్లి తేవాలె.

"పోగొట్టుకుంటే ఆక్సీకరణం,
పుచ్చుకుంటే క్షయకరణం. రాసుకోండి."
అందరం రాసుకున్నం.
ముందు బెంచీ సైదమ్మ రాయలేదు, లేచి నిలబడ్డది.
"వచ్చినోనికి క్షయమని పేరెందుకు పెట్టిన్రు సార్?
మా నాయినకు క్షయ ఉండె.
ఆయనకు ఏం రాలె. పోవుడే."
సార్ చేతిలో సుద్దముక్క
ఈ చేతి నుంచి ఆ చేతికి మారింది.
"ఆ పేరు నేను పెట్టలే తల్లీ" అన్నడు.
గంట కొట్టేదాక మళ్ళ బోర్డు దిక్కే తిరగలేదు.

క్వార్టర్లీలో అదే లెక్క వచ్చింది.
ఇనుము ఇటొకటి, అటొకటి.
మాంగనీసు ఇటొకటి, అటొకటి.
నీళ్ళు నాలుగు, అన్నీ కుదిరినయనుకున్న.
నాలుగు మార్కులకు ఒకటి.
పక్కన ఎర్రసిరాతో సార్ రాత:
"పరమాణువులు సరిపోయినవి. ఆవేశం సరిపోలేదు."
ఎడమ తొమ్మిది. కుడి ఐదు.

ఆ కాగితం జేబులో పెట్టుకొనే దుకాణానికి పోయిన.
రెండు వారాల జీతం రాలేదు,
ఆ కోపం దీనికి తోడైంది.
ఏమేమో అన్న. గట్టిగనే అన్న.
జానీమియా ప్లేట్లు కడుగుతూనే
"ఆవేశం ఎక్కువైంది నీకు, కూసో" అన్నడు.
తక్కువైందని ఒకాయన, ఎక్కువైందని ఒకాయన.

అప్పుడే పర్వతాలు సార్ స్కూటర్ నెట్టుకుంటూ వచ్చిండు.
మూతలు విప్పితే
గాజుగొట్టంలో బుడ్డి అడుగుకే మునిగింది.
"రెండు నెల్లు మూలకు పెట్టినవు గదా సార్?
ఇయ్యక, తీసుకోక కూసుంటే
ఇది అట్లనే సస్తది."
సార్ అట్టపెట్టె వెనక పెన్సిల్‌తో రాసిండు:
సీసం ఒకదిక్కు, గోధుమరంగు ఆక్సైడ్ ఒకదిక్కు,
ఇచ్చేది అది, పుచ్చుకునేది ఇది,
ఆఖరుకు రెండూ ఒకటే తెల్ల ఉప్పు.
"రెండూ ఒక్కతీరు అయినంక
ఎవడు ఎవడికిస్తడు మియా?"

జానీమియాకు అక్షరాలు రావు.
బాణం మాత్రం చూసిండు.
పెన్సిల్ గుంజుకొని
దాని తోకకు ఇంకో మొన గీసిండు.
"పొద్దుగాల రాండ్రి" అన్నడు.

ఆ రాత్రి షట్టర్ లోపల నేనే కావలి.
చార్జర్ గుయ్యిమంటుంటే
మూతల్లో బుడగలు, ముక్కుకు ఘాటు.
అదే అట్టముక్క మీద
నా లెక్క మళ్ళ మొదటి నుంచి చేసిన.
ఇనుమును ఐదుతో హెచ్చించిన.
అటు పదిహేడు, ఇటు పదిహేడు.
అటు ఐదు ఎలక్ట్రాన్లు, ఇటు ఐదు ఎలక్ట్రాన్లు,
కొట్టెయ్యి.
అంతసేపు అటూ ఇటూ ఉరికినవి అవే,
ఆఖరి వరుసలో వాటి పేరే లేదు.

శుక్రవారం జీతం ముట్టింది, పది రూపాయలు తక్కువ.
సార్ పదిహేను బాకీ పెట్టి
కొల్లాపూర్‌కు బదిలీ అయి పోయిండు.
గల్లాపెట్టె వెనక
ఆ అట్ట చాలా రోజులు ఉండె.
రెండు మొనల బాణం, నా కొట్టివేతలు,
మూలకు ఒక యాసిడ్ మరక.
సైదమ్మ అడిగినదానికి మాత్రం
దాని మీద ఏమీ రాసి లేదు.